పటం: గోదావరి డెల్టాలో చిత్రం, ఛాయ, స్థలస్మృతి

సంస్కృతంలో వస్త్రాన్ని తెలిపే ‘పటం’ అన్న మాట, వస్త్రం మీద రాసిన బొమ్మకు పేరై, తెలుగులోకి వచ్చాక మరింత విస్తరించింది. పూజగదిలోని దేవుడి బొమ్మ పటం. బడిగోడకు వేలాడే దేశం బొమ్మ పటం. ఊరి పొలాల హద్దులు చూపే రెవెన్యూ కాగితమూ పటమే. ఇంటి పెద్ద కన్నుమూశాక ఆయన ఫోటోకు చట్రం బిగించి, దండ వేసి గోడకు తగిలిస్తే అదీ పటమే. స్థలాన్ని చూపే బొమ్మను, లేని మనిషిని గుర్తుకు తెచ్చే బొమ్మను ఒకే మాటతో పిలిచే భాష ఇది. జ్ఞాపకాన్నీ స్థలాన్నీ కలిపి చూసే చిత్రకళా విమర్శ తన పరిభాష కోసం పరభాషల వైపు చూసే ముందు ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగడం మేలు.

చిత్రలేఖనాలనూ ఛాయాచిత్రాలనూ ఒకే గోడ మీద చేర్చి, ఒక ఊరినో నదినో ఇతివృత్తంగా తీసుకుని ప్రదర్శించడం నేడు పరిపాటి. ఇటువంటి ప్రదర్శనలను చూసే తీరులో ఒక అలవాటు స్థిరపడింది. చిత్రం ఊహ, ఛాయాచిత్రం సాక్ష్యం అన్నదే ఆ అలవాటు. రేవును చిత్రించిన బొమ్మ పక్కన అదే రేవు ఫోటో ఉంటే, ప్రేక్షకుడు మొదటిదాన్ని రెండవదానితో సరిచూస్తాడు. పోలిక కుదిరితే చిత్రకారుణ్ణి మెచ్చుకుంటాడు, కుదరకపోతే అది కళాకారుడి స్వేచ్ఛ అని సరిపెట్టుకుంటాడు. రెండు సందర్భాల్లోనూ ఫోటో కొలబద్దగా మిగులుతుంది. గోదావరి డెల్టా విషయంలో ఈ కొలబద్ద పనికిరాదన్నది ఈ వ్యాస ప్రతిపాదన. రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రాలయం, ఆ పట్టణంతోనే ముడిపడిన అల్లూరి సీతారామరాజు రూపం, రూపురేఖలు మార్చుకుంటున్న గోదావరి తీరం ఇక్కడ పరిశీలనాంశాలు. వీటిని చదవడానికి తగిన విమర్శ పరికరం గోదావరిని ఆశ్రయించిన ఒక సంస్కృత నాటకంలోనే దొరుకుతుంది.

చిత్రదర్శనం, ఛాయ

భవభూతి ‘ఉత్తరరామచరితం’ ప్రథమాంకానికి చిత్రదర్శనమని పేరు. జనకుడు మిథిలకు తిరిగి వెళ్లాక దిగులుగా ఉన్న సీతకు ఊరట కలిగించడానికి రాముని కథను చిత్రించిన వీథిని ముగ్గురూ కలిసి చూస్తారు. జ్ఞాపకమూ స్థలమూ ఇతివృత్తాలుగా గల చిత్రప్రదర్శనను భారతీయ సాహిత్యం ఇంత వివరంగా చూపిన సందర్భాలు అరుదు. ఇందులో గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. చిత్రకారుడు వనవాసంలో లేడు. లక్ష్మణుడు చెప్పగా విని రాశాడు. చూస్తున్నవారు మాత్రం ఆ అడవులలో బతికినవారే. అంటే ఆ చిత్రాలు దృశ్యానికి ప్రతులు కావు, చెప్పిన మాటకు ప్రతులు. అయినా శూర్పణఖ బొమ్మ కనబడగానే సీత భయపడుతుంది. అది బొమ్మ మాత్రమేనని రాముడు గుర్తుచేయవలసి వస్తుంది. జనస్థానం దగ్గరికి వచ్చేసరికి ఆ మాట చెప్పిన రాముడే కన్నీరు ఆపుకోలేకపోతాడు.

చూడటం ముగిశాక సీతకు ఒక కోరిక పుడుతుంది. ఆ అడవుల్లో మళ్లీ తిరగాలని, భాగీరథిలో మునగాలని. రథం సిద్ధం చేయమని రాముడు ఆజ్ఞాపిస్తాడు. దుర్ముఖుడు లోకాపవాదాన్ని మోసుకొచ్చాక ఆ రథమే ఆమెను శాశ్వతంగా ఇల్లు వదిలించే సాధనమవుతుంది. చిత్రాన్ని చూడటం ఇక్కడ వినోదంగా మిగలలేదు. చూపు కోరికగా, కోరిక ప్రయాణంగా, ప్రయాణం నిర్వాసనగా మారాయి. ఈ వరుసను వ్యాసం చివర మరోసారి తలుచుకోవలసి ఉంటుంది.

మూడవ అంకం పేరు ఛాయ. పన్నెండేళ్ల తరువాత రాముడు పంచవటికి తిరిగివస్తాడు. సీత అక్కడే ఉంటుంది, కాని భాగీరథి వరం వల్ల ఎవరికీ కనిపించదు. ఆమె పెంచిన ఏనుగు గున్న పెద్దదైంది. నెమలి, కదంబవృక్షం ఉన్నాయి. చేతి స్పర్శ తెలుస్తుంది, మనిషి కనబడదు. మొదటి అంకంలో బొమ్మ ఉండి స్థలం లేదు. మూడవ అంకంలో స్థలం ఉండి బొమ్మ లేదు. ఫోటోకు తెలుగులో స్థిరపడిన ‘ఛాయాచిత్రం’ అన్న మాటలో ఈ రెండు అంకాల పేర్లూ కలిసివచ్చాయి. అది కాకతాళీయమే అయినా, ఎదుట లేని మనిషి వెలుగునీడల ముద్రగా మిగలడాన్ని ఆ మాట సరిగ్గా పట్టుకుంది.

దామెర్ల గోదావరి

దామెర్ల రామారావు 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించాడు. 1925 ఫిబ్రవరి 6న మశూచికి బలయ్యేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలోని నేర్పును గుర్తించి ప్రోత్సహించాడు. 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి, 1920లో చదువు ముగించుకుని దామెర్ల సొంత ఊరికి తిరిగివచ్చాడు. అక్కడే చిత్రకళా శిక్షణ మొదలుపెట్టాడు. ఇవి అందరికీ తెలిసిన వివరాలే. వీటిలో విమర్శకు పనికివచ్చేది ఆయన వెళ్లి రావడం.

తీరంలోనే ఉండిపోయినవాడికి గోదావరి రోజూ కనిపించే నీరు. బొంబాయిలో కొన్నేళ్లు గడిపి వచ్చినవాడికి అది తిరిగి దొరికిన నీరు. దామెర్ల నీటిరంగుల ప్రకృతి చిత్రాలలో, ముఖ్యంగా గోదావరి లోయను, తూర్పు కనుమలను చిత్రించినవాటిలో, వివరం తక్కువగానూ వాతావరణం ఎక్కువగానూ ఉండటానికి నీటిరంగుల స్వభావంతోపాటు ఈ తిరిగిరాక కూడా కారణం కావచ్చు. కొండ ఎక్కడ ముగిసి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తేల్చి చెప్పకపోవడం స్మృతి లక్షణం. జ్ఞాపకంలో కొండకు అంచు ఉండదు, బరువు ఉంటుంది.

కూల్డ్రే విషయమూ ఇటువంటిదే. కవి, రచయిత, నీటిరంగుల చిత్రకారుడు అయిన ఆయన ఇంగ్లండుకు తిరిగివెళ్లాక ప్రచురించిన పుస్తకాలలో ‘థేమ్స్ అండ్ గోదావరి’ (1920), ‘సౌత్ ఇండియన్ అవర్స్’ (1924) ఉన్నాయి. మొదటి పుస్తకం పేరులోనే రెండు నదులు పక్కపక్కన నిలిచాయి. గురువుకు గోదావరి వదిలివచ్చిన చోటు, శిష్యుడికి తిరిగివచ్చిన చోటు. రెండు దూరాలూ ఒకే నదిని చూశాయి. ఆ శిష్యవర్గంలోనే ఉన్న అడివి బాపిరాజు కుంచెతో పాటు కలాన్నీ పట్టి, ‘నారాయణరావు’ నవలలో కోనసీమ ఇంటిని తెలుగు పాఠకుల సామూహిక జ్ఞాపకంగా మార్చాడు. ఈ ముగ్గురినీ కలిపి చదివే పని తెలుగు శాఖలకు చెందినది. చిత్రకళ మన పరిధి కాదని వదిలేయడం వల్ల బాపిరాజు రచనల వర్ణనాపద్ధతి మీద జరగవలసిన పరిశోధన ఎంతో మిగిలిపోయింది.

దామెర్లను గురించిన ప్రశంసలన్నీ ‘ఆంధ్రత్వం’ అన్న మాట చుట్టూ తిరుగుతాయి. వంగదేశపు చిత్రరీతికి లొంగకుండా తెలుగింటి స్త్రీల కట్టును, అలంకారాన్ని, నిలబడే తీరును గీతలోకి తెచ్చాడన్నది వాటి సారం. ‘పుష్పాలంకారం’, ‘సిద్ధార్థ రాగోదయం’ వంటివి అందుకు ఉదాహరణలుగా నిలుస్తాయి. మాట నిజమే, కాని చాలదు. జాతీయోద్యమ కాలంలో ఆంధ్రత్వం అవసరమైన కొలమానం. ఇప్పుడు ఆ చిత్రాల ముందు నిలబడేవారికి వాటిలోని స్థలం ఎక్కువ మాట్లాడుతుంది. పురాణకథలోని రాజకన్యకు గోదావరి జిల్లా ఆడపిల్ల రూపురేఖలు ఇవ్వడమంటే కథను ఊరికి తీసుకురావడమే. వనవాసాన్ని పర్ణశాలకు, శివలింగాన్ని ద్రాక్షారామానికి తీసుకువచ్చిన స్థలపురాణాలు చేసిన పనీ అదే.

చిత్రకారుడు పోయాక మిత్రుడు వరదా వెంకటరత్నం, భార్య సత్యవాణి, శిష్యులు ఆ చిత్రాలను కాపాడారు. అందువల్లనే అవి చెదరకుండా ఒకేచోట నిలిచి స్మారక చిత్రాలయమయ్యాయి. భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ స్వయంగా చిత్రకారిణులు. ఈ చిత్రాలయం పుట్టుక ఒక ఇంటి దుఃఖంలో ఉంది. పోయినవారి పటాన్ని గోడకు తగిలించే గృహాచారమే ఇక్కడ ఒక సంస్థ రూపం ధరించింది. తేడా ఒక్కటే. ఆయన రూపానికి బదులు ఆయన చూసిన లోకం గోడకెక్కింది.

ఇక్కడ ఫోటో ప్రసక్తి తప్పదు. రాజమహేంద్రవరం వెళ్లి అసలు చిత్రాలను చూసినవారికన్నా పత్రికల్లో, పుస్తకాల్లో అచ్చుప్రతులు చూసినవారే ఎక్కువ. కెమెరా గుండా పోకుండా చిత్రం అచ్చుకు రాదు. అంటే తెలుగు పాఠకలోకం ఎరిగిన దామెర్ల చాలావరకు ఛాయాచిత్రంలోని దామెర్లే. కాగితపు గరుకుదనం, రంగు కింద రంగు ఇంకిన లోతు, బొమ్మ అసలు పరిమాణం అచ్చులో పోతాయి. చిత్రాన్ని ఫోటోతో సరిచూసే అలవాటు మొదలుకాకముందే ఫోటో చిత్రానికి వాహకమైంది. ఈ రెంటినీ విరోధులుగా నిలబెట్టే విమర్శ ఈ సంగతిని దాటవేస్తుంది.

ఒక ఛాయాచిత్రకారుడి కుమారుడు

దామెర్ల పుట్టిన 1897లోనే అల్లూరి సీతారామరాజు కూడా పుట్టాడు. ఆ ఏడాది జూలై 4 ఆయన జన్మదినంగా జరుపుకోవడం ఆచారం. తండ్రి వెంకటరామరాజు వృత్తిరీత్యా ఛాయాచిత్రకారుడు. రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో ప్రభుత్వ ఛాయాచిత్రకారుడిగా పనిచేశాడని, 1908లో కలరా వల్ల మరణించాడని సీతారామరాజు జీవితచరిత్రలు చెబుతాయి. కారాగారంలో కెమెరాకు ఉన్న పని ఖైదీని గుర్తుపట్టడం. మనిషి ముఖాన్ని ప్రభుత్వ దస్త్రంలో ఒక గుర్తుగా మార్చే ఆ పనిని చేతితో చేసినవాడి కుమారుడు, తరువాత అదే ప్రభుత్వం వెతికిన మనిషయ్యాడు.

1922 ఆగస్టులో చింతపల్లి పోలీసుస్టేషన్ మీద దాడితో మొదలైన మన్యం పోరాటం 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజును కాల్చి చంపడంతో నాయకుణ్ణి కోల్పోయింది. మరణానంతరం ఆయన దేహాన్ని ఫోటో తీశారు. అది అధికారులకు కావలసిన రుజువు. సాక్ష్యంగా దానికి వంక పెట్టడానికి లేదు. కెమెరా అక్కడ ఉంది, దేహం అక్కడ ఉంది.

అయినా తెలుగువారి మనసులో నిలిచిన సీతారామరాజు ఆ ఫోటోలోని మనిషి కాడు. గడ్డం, కాషాయం, విల్లు, అమ్ములపొది గల ఆ రూపం చిత్రకారులు, శిల్పులు కల్పించినది. 1974లో కృష్ణ కథానాయకుడిగా వచ్చిన చలనచిత్రం దాన్ని మరింత స్థిరపరిచింది. 1986లో వెలువడిన తపాలా బిళ్ల మీద, 2022 జూలై 4న భీమవరంలో ఆవిష్కరించిన ముప్పై అడుగుల కాంస్య విగ్రహంలో చూపరి వెతుక్కునేది ఆ వీరుణ్ణే. చిత్రం ఊహ, ఛాయాచిత్రం సాక్ష్యం అన్న సూత్రమే నిజమైతే ఈ పరిణామాన్ని అజ్ఞానమనవలసి వస్తుంది. ఈ సందర్భంలో సమూహం ఒక స్పష్టమైన ఎంపిక చేసింది. బొమ్మ ఎంత పోలి ఉందన్న ప్రశ్నను పక్కనపెట్టి, అది ఎవరు చెప్పిన బొమ్మ అన్న ప్రశ్న వేసింది. చంపినవారు చెప్పిన బొమ్మను నిరాకరించింది. లక్ష్మణుడు చెప్పగా రాసిన చిత్రం ముందు సీత ఎందుకు కదిలిపోయిందో ఇక్కడ అర్థమవుతుంది. ఆ చిత్రానికి విశ్వసనీయత చెప్పినవాడి నుంచి వచ్చింది.

దీన్నిబట్టి చిత్రం ఎప్పుడూ ప్రజల పక్షమని తీర్మానించడం తొందరపాటు. విల్లు పట్టిన ఆ ఒక్క రూపం వెలుగులో గాం గంటందొర, గాం మల్లుదొర, వారి వెంట నడిచిన కొండ ఊళ్ల మనుషులు మసకబారిపోయారు. వారి పటాలు ఎన్ని గోడల మీద ఉన్నాయి? స్మృతిచిత్రం గుర్తుంచుకునే పనితోపాటు మరపించే పనీ చేస్తుంది. మన్యం పోరాట స్మృతి నాయకుడికి ఇచ్చిన చోటును ఆ కొండల్లో పుట్టిపెరిగినవారికి ఇవ్వలేదు. రూపకల్పన చేసినవారిలో అధికులు మైదానం వారు కావడం ఇందుకు ఒక కారణం.

నీరు మారినచోట

భవభూతి రెండవ అంకంలో రాముడు దండకకు వచ్చి ముందుగా తెల్లబోతాడు. ఒకప్పుడు ప్రవాహమున్న చోట ఇసుకతిన్నె ఉంది. దట్టంగా ఉన్న చెట్లు పలచబడ్డాయి, పలచనివి దట్టమయ్యాయి. ఇది వేరే అడవేమో అనిపిస్తుంది. కొండలు ఉన్నచోటనే ఉండటం వల్ల మాత్రమే ఇది ఆ చోటేనని నమ్మకం కుదురుతుంది. డెల్టావాసికి ఈ ఘట్టం అలంకారంగా తోచదు, అనుభవంగా తోస్తుంది. లంకలు ఏర్పడి కోతకు గురవుతుంటాయి. తాత పండించిన భూమి మనవడి కాలానికి ఏటిలో ఉంటుంది. 1847–52 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక నీటి దారులే మారాయి. 1900లో మొదలైన హేవలాక్ వంతెన 1997లో రైళ్లకు సెలవిచ్చింది. దాని పక్కన లేచిన విల్లు వంతెన ఇప్పుడు రాజమహేంద్రవరం అన్న మాటకు ఫోటో రూపం. సూర్యాస్తమయంలో ఆ కమానులను లెక్కలేనన్నిసార్లు తీశారు, ఇంకా తీస్తారు. ఆ ఫోటోలలో చాలావరకు ఒక ఫోటోకు మరొకటి జ్ఞాపకం, నదికి కాదు.

ఛాయాచిత్రం మాత్రమే చేయగల పని కూడా ఒకటి ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అటువంటి సందర్భంలో ఇంటికప్పు మీద మిగిలిన కుటుంబాన్ని చూపే పత్రికా ఛాయాచిత్రానికి ప్రత్యామ్నాయం లేదు. అక్కడ చిత్రకారుడి నిదానం తగదు. సాక్ష్యాన్ని తక్కువచేసే విమర్శ, వరద ఎన్నడూ గుమ్మం తొక్కనివారి విమర్శ.

నరసాపురంలో పుట్టిన బాపు రేఖల్లోని గోదావరి, పులిదిండిలో తీసిన ‘సాక్షి’ (1967), లాంచీ ప్రయాణంగా సాగిన ‘అందాల రాముడు’ (1973) నదిని చూసే చూపుకు ఒక చట్రాన్ని అమర్చాయి. పడవ ఎడమ అంచున, కొబ్బరాకు పైన, ఖాళీ నీరు మధ్యన. నేటి ఛాయాచిత్రకారుడు తెలిసో తెలియకో ఆ చట్రంలో నిలబడతాడు. ఇక్కడ ఫోటో చిత్రాన్ని అనుసరిస్తోంది. కొలబద్ద తిరగబడింది. బాపు చట్రంలో మనుషులు నిండుగా ఉండేవారు. అనుకరణలలో వారు జారిపోయి దృశ్యం మిగిలింది.

ఈ లోపం పాపికొండల దగ్గర చిన్న విషయంగా మిగలదు. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. ఎగువన మూడు వందలకు పైగా ఆవాసాలు ముంపు పరిధిలోకి వస్తాయి. నిర్వాసితులలో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. భవభూతి రాముడికి చోటును నిర్ధారించినవి కొండలు. ఇక్కడ ఆ కొండల పాదాలే నీటిలోకి పోతాయి. మంచు విడుతున్న వేళ రెండు కొండల నడుమ లాంచీ కనిపించే ఫోటోను ‘పోబోతున్న అందం’ అన్న శీర్షికతో ప్రదర్శించడం ఇటీవల ఎక్కువైంది. పోయేది అందం ఒక్కటేనా? చూపు కోరికగా, కోరిక ప్రయాణంగా మారే వరుస పర్యాటకుడికి వర్తిస్తుంది. దాని చివరి మెట్టైన నిర్వాసన మాత్రం ఫోటోలో లేని మనిషి వంతుకు వస్తుంది.

నిర్వాసితుడికి పటం అన్న మాట తన అర్థాలన్నింటితో ఒకేసారి ఎదురవుతుంది. పొలం తనదేనని చూపడానికి రెవెన్యూ పటం కావాలి. పరిహారపు దరఖాస్తుకు ఫోటో కావాలి. సామాను సర్దేటప్పుడు గోడ మీది పెద్దల పటం దించాలి. మొదటి రెండూ కార్యాలయం అడిగే సాక్ష్యాలు, వాటి విలువను ఏ సిద్ధాంతమూ తగ్గించరాదు. మూడవదాన్ని ఏ కార్యాలయమూ అడగదు.

చిత్రాన్నీ ఛాయాచిత్రాన్నీ కలిపి గోదావరిని ప్రదర్శించేవారు పాటించదగిన మార్పు ఒకటి చాలా చిన్నది, బొమ్మ కింది చీటీకి సంబంధించినది. కళాకారుడి పేరు, మాధ్యమం, సంవత్సరం ఇప్పుడు రాస్తున్నారు. చిత్రమైనా ఫోటో అయినా, ఆ చోటును గురించి చెప్పినవారెవరో కూడా రాయాలి. పడవ నడిపినవాడు, ఊరు చూపినవాడు, ఆ రేవు పేరు పలికినవాడు. ప్రథమాంకంలో లక్ష్మణుడికి దక్కిన చోటు అది.